విడిది ఇళ్ళలో శుభ్రత: గుంటూరు, ప్రకాశం సీమల ఆచారాలు

ఊరు కాని ఊళ్ళో నాలుగు రోజులు అద్దెకు దిగి, తామే వండుకు తినే ఇళ్ళు, గదులు, కుటీరాలు ఇప్పుడు తెలుగునాట కొత్త కావు. అలాంటి చోట ఏది ఎవరు శుభ్రం చేయాలి, ఎంతవరకు చేయాలి అన్నదానికి ఉన్న ఆచారాలు, చట్టాలు, ఒప్పందాలు ఈ వ్యాసానికి విషయం. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానంలో ఈ ప్రశ్న రెండు వైపుల నుంచి ఎదురవుతుంది. తూర్పున సముద్రం ఉంది. బాపట్ల దగ్గర సూర్యలంక, చీరాల దగ్గర వాడరేవు, రామాపురం తీరాలకు గుంటూరు, విజయవాడ, హైదరాబాదుల నుంచి కుటుంబాలు, స్నేహితుల గుంపులు వారాంతాల్లో వచ్చి ఇళ్ళు తీసుకుని, రొయ్యలో పీతలో కొని తామే వండుకుంటారు. పడమట కొండలూ క్షేత్రాలూ ఉన్నాయి. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ, శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న త్రిపురాంతకం, కృష్ణ ఒడ్డున అమరావతి వంటి చోట్ల సత్రాల్లో దిగి పొయ్యి వెలిగించుకునే యాత్రికులు తరతరాలుగా ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల సరిహద్దులు మారి పల్నాడు, బాపట్ల వేరే జిల్లాలయ్యాయి గానీ, దిగిన ఇంటి విషయంలో జనం అలవాట్లు ఆ గీతల ప్రకారం మారలేదు. ఈ ఇళ్ళలో శుభ్రత గురించి వచ్చే తగాదాలకు జనం బద్ధకమో, యజమానుల పిసినారితనమో కారణమని సాధారణంగా అంటుంటారు. అసలు కారణం వేరని ఈ వ్యాసం వాదం. తెలుగువాళ్ళకు పరాయి చోట బస చేయడంలో మూడు పాత పద్ధతులున్నాయి. మూడింటిలోనూ శుభ్రత బాధ్యత వేరువేరుగా పంచబడింది. నేటి అద్దె ఇంట్లో ఆ మూడూ ఒకదానిమీద ఒకటి పడి కలగాపులగమయ్యాయి.

మొదటిది విడిది. పెళ్ళికి తరలివచ్చిన మగపెళ్ళివారికి ఆడపెళ్ళివారు చూపించే ఇల్లు విడిది. ఇల్లు ముందే అలికి ముగ్గులు పెట్టి, బిందెలతో నీళ్ళు నింపి, చాపలు పరిచి ఉంచాలి. దిగినవారు కాలు కడుక్కుని కూర్చోవడమే గాని చీపురు ముట్టుకోవడం లేదు. విడిదిలో ఏ లోటు కనిపించినా అది ఆడపెళ్ళివారి పరువుకు సంబంధించిన మాట. ఇక్కడ శుభ్రత మొత్తం ఆతిథ్యంలో భాగం. అతిథి వంతు సున్నా. అయితే విడిదిలో వంట కూడా అతిథి పని కాదు. వంట వేరే చోట జరుగుతుంది, పలహారం పళ్ళేల్లో వస్తుంది. అందుకే అక్కడ అంట్ల ప్రశ్నే పుట్టలేదు.

రెండోది సత్రం. బాటసారి నీడకు డబ్బు కట్టడు. వసారా, బావి, పొయ్యి పెట్టుకోవడానికి స్థలం ఉచితంగా దొరుకుతాయి. బియ్యం, పప్పు, కట్టెలు అతని సొంతం, వంటా అతనిదే. 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీ మజిలీకీ సత్రం ఉందా, నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతాయి అని రాసుకుంటూ పోయాడు. ప్రయాణం అంటే వంట సరంజామాతో కదలడమని ఆ పుస్తకం చదివినవారికి తెలుస్తుంది. ఇలాంటి చోట అలిఖిత నియమం ఒకటే: నీ పొయ్యి బూడిద నువ్వు ఎత్తాలి, తిన్న చోటు నువ్వు శుద్ధి పెట్టాలి. వెనక వచ్చేవాడు మడితో వండుకునేవాడు కావచ్చు. అతనికి ఎంగిలి తగిలితే అది దుమ్ముకన్నా పెద్ద దోషం. గోడలు, బావి, కప్పు మాత్రం బాటసారి పని కాదు. వాటికి ధర్మకర్త ఉన్నాడు, మాన్యం ఉంది. ఈ పంపకాన్ని చట్టం కూడా గుర్తించింది. మద్రాసు ప్రభుత్వం 1817లో చేసిన ఏడో రెగ్యులేషను దేవాలయాలతో పాటు సత్రాల మాన్యాల ఆదాయం, సత్రాలూ వంతెనల మరమ్మతు రెవెన్యూ బోర్డు పర్యవేక్షణ కిందికి తెచ్చింది. 1867 నాటి సరాయిల చట్టం మరింత స్పష్టంగా మాట్లాడింది. గదులు, వసారాలు, మురుగు కాలువలు, నీళ్ళు తోడుకునే బావులు, చెరువులు శుభ్రంగా ఉంచడం సరాయి నడిపేవాడి విధి అంది. బస చేసినవాడు తన గిన్నె తోమాలా అన్నది ఆ విధుల జాబితాలో లేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే గిన్నె బాటసారిదే. సత్రం నుంచి వెళ్ళేటప్పుడు గిన్నె అతని మూటలోనే వెళ్ళిపోతుంది.

మూడోది పూటకూళ్ళ ఇల్లు, దాని తర్వాతి రూపమైన హోటలు, లాడ్జి. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లు కనిపిస్తుంది. అంటే డబ్బు కట్టి తిని లేచిపోయే ఏర్పాటు తెలుగునాట ఎంత పాతదో తెలుస్తుంది. ఒంగోలులో టంగుటూరి ప్రకాశం తల్లి సుబ్బమ్మ భర్త పోయాక పిల్లలను పెంచడానికి పూటకూళ్ళ ఇల్లు నడిపింది. ఆ వృత్తిని ఆనాటి సమాజం చిన్నచూపు చూసేది. వండి అమ్మడం తక్కువ పనిగా ఎంచడానికి ఒక కారణం, దానితో పాటు పరాయివాళ్ళ ఎంగిలి ఎత్తే పని కూడా రావడం. అతిథి డబ్బు కట్టి ఆ పనిని ఇంకొకరి మీద పెట్టి లేస్తాడు. ఎవరి మీద పడింది అన్నది అతను చూడడు. ఇది గమనించాల్సిన విషయం. డబ్బుతో శుభ్రతను కొనుక్కోవడం మన దగ్గర ఎప్పుడూ కేవలం లావాదేవీ కాదు. ఎంగిలి ఎత్తేవాళ్ళు ఎవరు అన్నది కులాన్ని బట్టి, ఆడమగ తేడాను బట్టి ముందే నిర్ణయమైపోయిన సమాజంలో ఆ లావాదేవీ జరిగింది.

ఇప్పుడు సూర్యలంక దగ్గరి ఒక అద్దె ఇంటిని ఈ మూడింటి పక్కన పెట్టి చూడాలి. దిగినవారు లాడ్జికి కట్టినట్టు డబ్బు కడతారు. సత్రంలోలాగా తామే వండుకుంటారు. వెళ్ళేటప్పుడు విడిదిలో పెళ్ళివారిలాగా లేచి వెళతారు. పైగా సత్రానికీ దీనికీ మధ్య ఒక కొత్త తేడా వచ్చింది: గిన్నె, గరిటె, పొయ్యి, మిక్సీ ఇంటివే. బాటసారి మూటతో పాటు వెళ్ళిపోవలసిన జిడ్డు ఇక్కడే ఉండిపోతుంది. యజమాని వైపు కూడా ఇదే గందరగోళం. అతను లాడ్జి ధర తీసుకుంటాడు గాని లాడ్జిలో ఉండే పనివాళ్ళను పెట్టడు. ఒక కాపలాదారూ, పిలిస్తే వచ్చే ఒక ఆడమనిషీ ఉంటారు, అంతే. ఉదయం పదకొండుకు ఒకరు ఖాళీ చేస్తే మధ్యాహ్నం రెండుకు ఇంకొకరు దిగుతారు. ఆ మూడు గంటల్లో ఏమేం జరగాలో రెండు పక్షాలూ మాట్లాడుకోవు.

ఆ మూడు గంటల పని ఎంతో తెలియాలంటే ఈ సీమ వంట ఎలాంటిదో కొంచెం ఆగి చూడాలి. గుంటూరు మిరప యార్డు ఆసియాలోనే పెద్ద మిరప మార్కెట్లలో ఒకటి. ఆ కారం ఇక్కడి వంటింట్లో ధారాళంగా పడుతుంది. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. వేపుడు చేసిన మూకుడును తడిగుడ్డతో తుడిస్తే కారపు నూనె పోదు, పరుచుకుంటుంది. రాత్రంతా అలా వదిలేసిన మూకుడును పొద్దున వచ్చి తోమే మనిషి చేతులు మండుతాయి. వండిన అరగంటకు వేడినీళ్ళు, సబ్బుతో తేలిగ్గా వదిలే జిడ్డు తెల్లారేసరికి గట్టిపడి, ఇనుప పీచు పట్టి రుద్దితే గాని వదలదు. పసుపు రంగు కూడా నూనెతో కలిసి ప్లాస్టిక్ గిన్నెల్లోకి, పాలరాయి గట్టులోకి దిగుతుంది. వెంటనే కడిగితే వదిలే మరక ఆలస్యమైతే శాశ్వతమైపోతుంది. రొయ్య తలలు, పీత పెంకులు, చేప పొలుసులు ఇంకో సమస్య. రెంటచింతల ఎండలకు పేరుపడ్డ ఈ సీమలో వేసవి మధ్యాహ్నం మూతలేని బుట్టలో ఉంచిన రొయ్య తలలు గంటల్లో కుళ్ళుతాయి. కుక్కలు, కాకులు వాటిని ఇంటి చుట్టూ పరుస్తాయి. తీరం దగ్గర బోరునీళ్ళు ఉప్పగా ఉంటే సబ్బు నురగ కట్టదు, తోమడానికి నీళ్ళు రెట్టింపు కావాలి. కనిగిరి, దర్శి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడు ఉండి, వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళున్నాయి. అక్కడ ఒక రాత్రి పడుకున్న దుప్పటిని ఉతకడమే ఖర్చుతో కూడిన పని. వానాకాలంలో నల్లరేగడి నేల చెప్పులకు అంటుకుని గదిలోకి వస్తుంది. ఆరితే పెంకులై రాలుతుంది. ఈ మురికి ఏదీ ఎవరి నిర్లక్ష్యం వల్లా పుట్టినది కాదు. కొంత వంట వల్ల, కొంత నేల వల్ల, కొంత నీళ్ళ వల్ల వచ్చింది. అందుకే దాని మూలాన్ని బట్టి పని పంచడమే న్యాయం.

అలా పంచితే గీత ఎక్కడ పడాలో కనబడుతుంది. వండుకోవడం వల్ల వచ్చినది, అంటే అంట్లు, పొయ్యి గట్టు, తిండి చెత్త, వండుకున్నవాళ్ళ పని. బస చేయడం వల్ల వచ్చినది, అంటే దుప్పట్లు, తువ్వాళ్ళు, స్నానాలగది, నేల తుడవడం, ఇంటి యజమాని పని. ఈ గీత నేను కొత్తగా గీసింది కాదు. సత్రంలో బాటసారికీ ధర్మకర్తకూ మధ్య ఉన్నది ఇదే. మన ఊళ్ళలో ఇంకోచోట ఇప్పటికీ బతికే ఉంది. పెళ్ళికీ సంతర్పణకీ షామియానా దుకాణం నుంచి గుండిగలు, గంగాళాలు, గరిటెలు అద్దెకు తెస్తాం. డబ్బు కట్టే తెస్తాం, అయినా తోమి తిరిగి ఇస్తాం. తోమకుండా ఇస్తే దుకాణదారు తోముడు కూలి విడిగా పట్టుకుంటాడు. అద్దె కట్టింది గిన్నె వాడుకోవడానికి, దాని జిడ్డు వదిలిపోవడానికి కాదని అక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. ఇరుగింటి నుంచి ఎరువు తెచ్చిన గిన్నె విషయంలో మన ఇళ్ళ ఆచారం ఇంకా పట్టింపుతో ఉంటుంది.

బయటి దేశాల అనుభవం ఈ గీతను బలపరుస్తుంది. జర్మనీలో విహారపు ఇళ్ళకు ‘బెసెన్‌రైన్’ అనే కొలమానం ఉంది. చీపురుతో ఊడ్చినంత శుభ్రంగా అప్పగించాలని దాని అర్థం. అంట్లు కడిగి, చెత్త తీసి, ఊడ్చి వెళితే చాలు. ఆపైన జరిగే చివరి శుభ్రతకు రుసుము వేరుగా రాసి ఉంటుంది. డెన్మార్కు వేసవి ఇళ్ళలో చివరి శుభ్రత తామే చేసుకోవడమా, డబ్బు కట్టి చేయించుకోవడమా అన్నది అతిథి ఎంచుకోవచ్చు. అమెరికాలో దీనికి వ్యతిరేకంగా జరిగింది. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఎయిర్‌బీఎన్‌బీ ఇళ్ళలో యజమానులు శుభ్రత రుసుమూ తీసుకుంటూ, ఖాళీ చేసేటప్పుడు పక్కలు విప్పాలి, గుడ్డలు ఉతకాలి, నేలంతా వాక్యూమ్ చేయాలి అని పనుల జాబితాలూ పెట్టసాగారు. జనం కోపం పెరిగి, 2022 నవంబరులో ఆ సంస్థే కలగజేసుకుంది. పక్కలు విప్పించడం, బట్టలు ఉతికించడం, వాక్యూమ్ చేయించడం వంటివి అసమంజసమనీ, దీపాలు ఆర్పడం, తిండి చెత్త బుట్టలో వేయడం, తలుపు తాళం వేయడం సమంజసమనీ ప్రకటించింది. ఆ దేశంలో సెలవుల్లో ఇల్లు తీసుకుని సాంబారు, వేపుళ్ళు వండుకునే తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలిసిన గొడవే. పోపు వేస్తే పొగ గంట మోగే ఇళ్ళవి. అక్కడి తగాదా పరిష్కారమైన చోట కూడా గీత వంటకూ బసకూ మధ్యే పడింది.

దీనికి మొదటి అభ్యంతరం డబ్బు. ‘అద్దె కట్టాక కూడా పని చేయాలా? సెలవుకు వచ్చేది పని మానడానికి గదా’ అంటారు. ఈ మాటలో సగం నిజం ఉంది. అద్దెలో శుభ్రత ఖర్చు కలిసి ఉందని యజమాని చెప్పి ఉంటే, లేదా శుభ్రత రుసుము విడిగా తీసుకుని ఉంటే, అతిథి చేయి ముంచక్కరలేదు. కాని అప్పుడు ఆ ధరలో అంట్లు తోమే మనిషి గంటలు లెక్కకట్టి ఉండాలి. ఈ సీమలో అద్దె ఇళ్ళ ధరల్లో చాలా వాటికి అలాంటి లెక్క లేదు. లెక్కలో లేని పనిని ఎవరో ఒకరు కూలి లేకుండా చేస్తున్నారు, అంతే తప్ప అది మాయమవదు. తిరుమలలో గదులకు ముందుగా తీసుకుని, ఖాళీ చేశాక తిరిగి ఇచ్చే డిపాజిట్టు ఒక మార్గం చూపిస్తుంది. ఇంటికి నష్టం జరిగితే యజమానికి రక్షణ, సరిగా ఉంచితే అతిథికి తిరిగి వచ్చే సొమ్ము. అయితే ఏం చేస్తే పట్టుకుంటారో ముందే రాసి ఉండకపోతే ఆ డిపాజిట్టే కొత్త తగాదాకు మూలమవుతుంది.

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. అతిథి అంట్లు తోమాలి అంటే కుటుంబంలో తోమేది ఆడవాళ్ళే. మగవాళ్ళు సముద్రంలో దిగుతుంటే ఇంటి ఇల్లాలు గుంటూరులో తోమిన అంట్లే సూర్యలంకలో తోముతుంది. ఆవిడకు సెలవు ఎక్కడ? ఇది నిజం. కాని అంట్లు వదిలేసి వెళితే అవి ఆ పక్క పల్లె నుంచి వచ్చే ఇంకో ఆడమనిషి చేతికి చేరతాయి. ఆమె కూడా తన ఇంట్లో అంట్లు తోమి వచ్చినదే. అంటే ఒక ఆడమనిషి సెలవు ఇంకొక ఆడమనిషి అదనపు పని మీద నిలబడుతుంది. దీనికి జవాబు ఇంట్లో పని పంచుకోవడం. పదిమంది గుంపులో తోమే వంతు ఎవరిదని ముందే అనుకుంటే అరగంట పని. లేదా ఆ పనికి ముందే ధర కట్టి, చేసే ఆమెకు చెందేలా చూడడం. రెండింటిలో ఏదైనా సరే. ఏదీ అనుకోకుండా లేచిపోవడం మాత్రమే కుదరదు.

మూడో అభ్యంతరం ఉపాధి గురించి. అతిథులే అన్నీ తుడిచేస్తే పనివాళ్ళకు కూలి పోతుంది అంటారు. దుప్పట్లు ఉతకడం, మరుగుదొడ్డి కడగడం, నేల తడిగుడ్డ పెట్టడం, కొత్తవారికి ఇల్లు సర్దడం ఇవన్నీ ఎలాగూ వారి పనులే. మూడు గంటల వ్యవధి వాటికే చాలదు. పరాయివాళ్ళ ఎంగిలి తీయడాన్ని ఉపాధి అని కాపాడాలనడం, ఆ పని కొందరికే ఎందుకు చేరిందో మరిచిపోయి అనే మాట. పనివాళ్ళు పోగొట్టుకోకూడనిది కూలి. ఎంగిలి వాళ్ళు పోగొట్టుకోవలసినదే.

శుభ్రత దిగేటప్పటి ప్రశ్న కూడా. ఇక్కడ మన ఆచారానికి తనదైన పట్టింపు ఉంది. చాలా కుటుంబాలు కొత్త చోట దిగగానే కడిగిన గిన్నెలనే మళ్ళీ కడుక్కుని పొయ్యి వెలిగిస్తాయి. శాకాహారులకు ఆ మూకుడులో నిన్న చేప వేగిందా అన్నది మరకల ప్రశ్నకన్నా పెద్దది. కళ్ళకు తళతళలాడే గిన్నె వాళ్ళ దృష్టిలో శుభ్రమైనది కాకపోవచ్చు. దీన్ని ఛాదస్తమని కొట్టేసే యజమాని తన బేరాన్ని తానే పోగొట్టుకుంటాడు. శాకానికీ మాంసానికీ వేరు వేరు గిన్నెలు, వేరు అలమరా పెట్టి, ఆ మాట ముందే చెప్పడం పెద్ద ఖర్చు కాదు. యాత్రాస్థలాల సత్రాలు చాలా కాలంగా మాంసం వండరాదని నియమం పెట్టి ఈ చిక్కును తప్పించుకున్నాయి. తీరప్రాంతపు ఇళ్ళకు ఆ దారి లేదు, వచ్చేవాళ్ళు వచ్చేదే రొయ్యల కోసం.

ఇదే మైదానంలో సెలవు కోసం కాక బతుకుకోసం బసచేసి వండుకునేవాళ్ళు కూడా ఉన్నారని చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. పత్తి తీతకు, మిరప కోతకు కర్నూలు పడమటి ఊళ్ళ నుంచి కుటుంబాలకు కుటుంబాలు పల్నాటికి వలస వస్తాయి. పొలం గట్టున గుడారాలు, రేకుల షెడ్లు వాళ్ళ బస. నీళ్ళు మోసుకొచ్చి, మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకుని, తోముకుని, పొలానికి వెళతారు. మరుగుదొడ్డి, మంచినీళ్ళ కుళాయి, చెత్త పారవేసే చోటు వంటి, ఇల్లు ఇచ్చేవాడు చూడవలసిన వంతు చాలా చోట్ల లేకుండానే ఉండిపోతుంది. శుభ్రతలో వండుకునేవాడి సగం వాళ్ళు ఏ జాబితా లేకుండా పూర్తి చేస్తున్నారు. లేనిది రెండో సగమే.

చివరిగా చెత్త. కార్తీకంలో వనభోజనాలకు తోటల్లోకి, పౌర్ణమి స్నానాలకు సూర్యలంక, వాడరేవులకు జనం పోటెత్తుతారు. విస్తరాకులు, మట్టిపాత్రలు ఉన్న కాలంలో వండి తిని వదిలేసినది నేలలో కలిసిపోయేది. ఆ అలవాటు మిగిలి, ఆకు స్థానంలో థర్మాకోల్ పళ్ళెం, ప్లాస్టిక్ గ్లాసు వచ్చాయి. థర్మాకోల్, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. అంతకుముందే 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను పుట్టిన చోటనే వేరుచేయాలని చెప్పాయి. ఊళ్ళలో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు కట్టారు. కాని రొయ్య తలలూ బీరు సీసాలూ ఒకే సంచిలో కట్టి గేటు దగ్గర పెట్టి వెళితే ఏ కేంద్రమూ ఏమీ చేయలేదు. అద్దె ఇళ్ళ గోడలమీద ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ‘పరిసరాలను శుభ్రముగా ఉంచవలెను’ అన్న ఒక్క వాక్యం. ఎవరు, ఏది, ఎప్పటిలోగా అన్న మూడింటిలో ఒక్కటీ అందులో లేదు. దాని స్థానంలో వంటింటి తలుపు మీద రాయవలసినవి: అంట్లు తోమి బోర్లించాలి, లేదా ఇంత కట్టాలి, అది తోమే ఆమెకు చేరుతుంది, తడిచెత్త మూతబుట్టలో, సీసాలు విడిగా, పొయ్యి గట్టు తుడిచి గ్యాసు కట్టేయాలి, దుప్పట్లు, స్నానాలగది, నేల మేం చూసుకుంటాం.